తెల్లవారుజామున తిప్పాల్సిన కుక్క

మా లక్ష్మణమ్మ వదిన కుక్కని ఎంచుకున్న సంగతిని ఊళ్లో ఇప్పటికీ రెండు రకాలుగా చెప్పుకుంటారు. ఆడవాళ్లు చెప్పేది ఒకటి, మగవాళ్లు చెప్పేది ఒకటి. మగవాళ్లు చెప్పేది మీరు నమ్మకండి. వాళ్లలో సగంమంది అప్పుడు అక్కడ లేరు. ఉన్న సగంమంది తలొంచుకుని నిలబడ్డారు. నేను మొదటినుంచీ చివరిదాకా పక్కనే ఉన్నాను.

శ్రీకూర్మం నుంచి సముద్రం వైపు దిగే రోడ్డు ఎక్కడ ఇసుకలో కలిసిపోతుందో అక్కడ మా ఊరు. నా పేరు శైలజ. ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడతాను. లక్ష్మణమ్మ వదిన మా పెదనాన్న కొడుకు సూరయ్య అన్న భార్య. రెండిళ్లకీ మధ్యగోడ ఒక్కటే. వాళ్లింట్లో గిన్నె కింద పడితే మా ఇంట్లో పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు.

వదినకి కోపం ఎక్కువ. నవ్వు ఇంకా ఎక్కువ. పచ్చి చేప కొని, ఉప్పు పట్టించి, ఎండబెట్టి సంతల్లో అమ్ముతుంది. ఒకసారి శ్రీకాకుళం బస్సులో ఎవరో పెద్దమనిషి ముక్కు మూసుకుని, ఈ గంప దింపించండి అని కండక్టరు మీద కేకలేశాడు. వదిన గంప దింపలేదు. "ఆదివారం మీ ఇంట్లో కూర ఉడుకుతన్నప్పుడు కూడా ముక్కు మూసుకుంటారా బాబూ?" అని మర్యాదగానే అడిగి, ఆయన దిగే స్టాపు దాకా ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. పాపం, ఆయన ఒక స్టాపు ముందే దిగిపోయాడు.

సూరయ్య అన్న అందరిలాగే ఏటా గుజరాత్ వెళ్లి వేరావల్ బోట్ల మీద కూలి చేసేవాడు. మూడేళ్ల కిందట అక్కడే జ్వరం వచ్చి, అక్కడి ఆసుపత్రిలోనే పోయాడు. సముద్రం లాక్కుపోలేదు, తుఫాను కొట్టలేదు. జ్వరం. అయినా మా ఊళ్లో ఆ రోజు నుంచి వదిన తెల్లవారుజామున గుమ్మం దాటడానికి లేదు.

ఇది మీకు చెప్పాలి. మా ఊళ్లో తెప్పలు వేకువన దిగుతాయి. పేరుకి తెప్పలే గాని ఇప్పుడన్నీ ఇంజను బిగించిన ఫైబర్ పడవలు. చీకటి పలచబడ్డప్పటినుంచి పొద్దు పొడిచేదాకా ఒకదాని వెనక ఒకటి అలలు దాటుతాయి. ఆ వేళకి భర్త పోయిన ఆడది ఒడ్డున కనిపిస్తే చేప పడదని, పడవ తిరగబడుతుందని నమ్మకం. ఇది ఎక్కడా రాసిలేదు, ఎవరూ కాపలా ఉండరు. అయినా ఆ ఆడవాళ్లంతా మెలకువ వచ్చినా మంచం మీదే కూర్చుని, చివరి ఇంజను చప్పుడు దూరమయ్యాక తలుపు తీస్తారు. వదిన అత్త మరిడమ్మ, అంటే మా పెద్దమ్మ, అలా కూర్చోవడం మొదలుపెట్టేనాటికి నేను పుట్టలేదు.

ఇక కుక్క సంగతి. ఎండబెట్టిన చేపల మీదకి కాకులు వస్తాయి, ఊరకుక్కలు వస్తాయి, అన్నింటికంటే పందులు వస్తాయి. పెద్దమ్మ కర్ర పట్టుకుని ఇసకలో కూర్చుని అదిలించేది. ఈ మధ్య ఆవిడకి మోకాళ్లు పట్టేశాయి. పంది వచ్చి, కావలసినంత తిని, తీరిగ్గా వెళ్లేదాకా ఆవిడ లేవలేదు. వదిన కూతురు రేఖ శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది, పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి గాని రాదు. ఇంటికి ఒక కుక్క కావాలని అందరం అనుకున్నదే.

వదిన తమ్ముడు వెంకీ విజయనగరంలో ఒక కుక్కల డాక్టరు దగ్గర బండి నడుపుతాడు. అక్కడ ఎవరో ఫ్లాటులో ఉండే ఆసామి ఫోన్లో వీడియోలు చూసి ముచ్చటపడి రెండు కుక్కల్ని కొన్నాడట. అవి ఏడాది తిరిగేసరికి సోఫాలు చింపి, పనిమనిషిని పారిపోయేలా చేసి, కింద ఫ్లాటువాళ్లతో గొడవలు తెచ్చిపెట్టాయట. ఎవరికైనా ఇచ్చెయ్యమని డాక్టరు దగ్గర వదిలేశాడు. పాతపట్నం దగ్గర జీడితోట ఆయన ఒకదాన్ని అడిగాడు. రెండోది వదినకి. ఏది కావాలో ఎంచుకోమని ఒక మధ్యాహ్నం వెంకీ రెండిటినీ ఆటో ట్రాలీలో వేసుకొచ్చాడు.

ఒకటి లాబ్రడార్, పసుపు రంగు, బలంగా ఉంది, పేరు బ్రౌనీ. రెండోది ముధోల్ హౌండ్, కర్ణాటక వేటకుక్క. సన్నగా, పొడుగు కాళ్లతో, పక్కటెముకలు కనిపిస్తూ, పదిరోజులు తిండి లేనట్టు ఉంది. పేరు బుల్లెట్.

"దీనికి కూడెట్టనేదేట్రా ఆ మారాజు?" అంది పెద్దమ్మ.

"దాని ఒళ్లే అంత పెద్దమ్మా. ఎంత తిన్నా అలగే ఉంటాది," అన్నాడు వెంకీ. తరవాత అక్క వైపు తిరిగాడు. "అప్పా, రెండూ మంచియే. రెండూ కుదురుగా కూకునియి కావు, అది ముందే సెప్తన్నాను. ఈ పసుపుదానికి తిండి, నీళ్లు, మడుసులు ఉంటే సాలు. ఏ పూట తిప్పినా సరే. పెరట్లో బంతి ఇసిరితే తెచ్చిస్తాది, మళ్లీ ఇసిరితే మళ్లీ తెస్తాది. సాయంత్రానికి అలిసిపోయి తొంగుంటాది."

"మరి ఆ సన్నంది?"

"దానికి బంతులూ గింతులూ పనికిరావు. రోజూ ఒదిలి పరిగెట్టించాల. అదీ తెల్లారకముందే. ఎండలో పరిగెడితే పడిపోతాది. సాయంత్రం ఒదిల్తే ఒడ్డునున్న వలలన్నీ తొక్కీసి, కిరికెట్టాడే గుంటల్ని పడేస్తాది. పరుగు తీరనేదా, ఇల్లు పీకి పందిరేస్తాది."

రెండిటినీ కాసేపు వదిలి చూశాం. బ్రౌనీ తిన్నగా పోయి పెద్దమ్మ ఒళ్లో తల పెట్టింది. ఆవిడ కరిగిపోయింది. అది తల తీసి, పక్కన ఆరేసిన నెత్తళ్లలో మూతి పెట్టి, ఒక మూల మొత్తం ఖాళీ చేసి, సముద్రంలో దూకి వచ్చి, నేను కుట్టి ఇస్త్రీ చేసి తెచ్చిన జాకెట్ల మీద ఒళ్లు దులుపుకుంది. అయినా దాని మీద ఎవరికీ కోపం రాలేదు. ఆ కుక్క మొహమే అలాంటిది.

బుల్లెట్ని విప్పితే కదల్లేదు. కాళ్లు వణుకుతూ ఇసుక వైపే చూస్తూ నిలబడింది. ఇంతలో రోజూ వచ్చే పంది రానే వచ్చింది. కుక్క పరుగెత్తడం నేను చూడలేదు, పంది పరుగెత్తడమే చూశాను. అవి రెండూ గెడ్డ నీళ్లు సముద్రంలో కలిసే దగ్గరకి పోయాక గాని మాకు అర్థం కాలేదు. పందిని గెడ్డ దాటించి, అది ఒక్కటే వెనక్కి వచ్చింది. నాలుక బయటపెట్టి, నవ్వుతున్నట్టుగా వచ్చింది. ఆరేసిన చేపలకేసి చూడనైనా చూడలేదు.

అప్పుడు వదిన మొహం చూశాను. అన్న పోయాక ఆ మొహంలో అంత ఇష్టం నేను చూడలేదు.

కానీ ఎవరి మాట అడిగినా బ్రౌనీయే. పెద్దమ్మకి బ్రౌనీ కావాలి. ఆ సాయంత్రం బస్సు దిగి వచ్చిన రేఖకి బ్రౌనీ కావాలి. జాకెట్లు పాడైనా నాకూ బ్రౌనీయే కావాలి. వెంకీ కూడా అదే అనుకుని తాడు విప్పబోతూ అన్నాడు, "బ్రౌనీని ఉంచీ అప్పా. ఆ రెండోది నీకు కుదరదులే."

"ఏల కుదరదురా?"

"నీకు తెల్దా? దాన్ని తెల్లారగట్ల తిప్పాల. ఆ యేల తెప్పలు దిగుతాయి."

"తెప్పలు దిగితే కుక్కకేటి?"

"కుక్కకేటీ కాదే. నీకు."

వదిన బుల్లెట్ తాడు తీసి తన చేతికి చుట్టుకుంది. ఆవిడ అరవకపోతేనే భయపడాలని నాకు తెలుసు.

"ఆ పసుపుదాన్ని బండెక్కించు," అంది.

ఆ సాయంత్రం గోడకి ఇవతల నాకంతా వినపడింది. పెద్దమ్మ ఏడుస్తూ బతిమాలింది. "పోనీ, పిల్లని తిప్పమనే. పెళ్లికాని పిల్ల ఎదురొస్తే ఎవులూ ఏటనరు." రేఖ కూడా నేను తిప్పుతానమ్మా అంది. వదిన గొంతు పెంచలేదు. "నువ్వు సదువుకో. కుక్క నాది. ఎంచుకున్నది నాను. తిప్పేది నాను," అంది.

మర్నాడు వాళ్ల తలుపు గడియ తీసిన చప్పుడుకి లేచాను. ఆ వేళకి ఆ గడియ చప్పుడు విని మూడేళ్లయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే వెళ్లాను.

ముందుగా దిగేది ఎప్పుడూ కూర్మయ్య చిన్నాన్న తెప్పే. ఆయన మా కులపెద్ద. ఆయన మాట అంటే ఊళ్లో మారుమాట లేదు, ఆయన భార్య తప్ప ఎవరూ ఆయన్ని ఎదిరించలేదు. ఆయనా, మనుషులూ తెప్పకి భుజాలు ఆనించి నెడుతున్నారు. వదిన చీర ఎగ్గట్టి, తాడు చేతికి చుట్టుకుని, వాళ్ల ముందునుంచే వచ్చింది. నెత్తి మీద కొంగు లేదు. పక్కకి తప్పుకోలేదు. నెట్టేవాళ్ల భుజాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఎవులది?" అన్నాడు చిన్నాన్న. ఎవరో ఆయనకి తెలుసు.

"నానే మావా, లక్ష్మణమ్మని. కుక్కని తిప్పుతన్నాను," అని వదిన తాడు వదిలింది. కుక్క పోయింది. దాని వెనక వదిన పరుగెత్తింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, చేపల గంప తప్ప పరుగన్నది ఎరగని మనిషి, ఇసుకలో పడుతూ లేస్తూ పరుగెత్తింది. గెడ్డ దాకా వెళ్లి, రొప్పుతూ, నవ్వుతూ వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

చెడు ఎదురు తగిలితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరే పద్ధతి ఒకటి మా వాళ్లకి ఉంది. చిన్నాన్న కూర్చోలేదు, నీళ్లు తాగలేదు. అందరూ చూసేలా వల మోసుకుని ఇంటికి పోయాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ పోయారు. మర్నాడు వదిన మళ్లీ వెళ్లింది. ఆ పై రోజూ వెళ్లింది. కొన్ని తెప్పలు ఆవిడ తిరిగి వెళ్లేదాకా ఆగి ఆలస్యంగా దిగాయి. ఆ రోజుల్లో చేప సరిగా పడలేదు. దానికి ముందు నెల కూడా పడలేదు, కానీ అది ఎవరికీ గుర్తులేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నెల కిందట ఖాళీగా వచ్చిన వల కూడా వదిన ఖాతాలోకే పోయింది.

మూడునాళ్లు గడిచాక రామమందిరం అరుగు మీద పెద్దలు కూర్చుని వదినకి కబురు పెట్టారు. నేనూ వెళ్లాను. పెద్దమ్మ కూడా మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

చిన్నాన్న కోపంగా మొదలుపెట్టలేదు. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాడు, అందుకే ఆయనతో కష్టం. "కోడలా, కుక్కని పెంచొద్దని ఎవులూ అన్నేదు. ఆడోళ్లున్న ఇల్లు, కుక్క ఉండాల్సిందే. ఆ పసుపు కుక్క ఇంకా పాతపట్నంలోనే ఉందట. మీ తమ్ముడితో నానే మాట్లాడతాను. ఇది అటిచ్చీసి, అది తెచ్చీసుకో. నీకూ కుక్క ఉంటాది, మాకూ ఇబ్బంది ఉండదు."

చూశారా, ఎంత మెత్తగా ఉందో. ఒక కుక్కకి ఇంకో కుక్క. న్యాయంగానే ఉంది కదా అని చుట్టూ ఉన్న తలలన్నీ ఊగాయి. నాకు ఒక దారి తట్టింది. గొడవ లేకుండా బయటపడొచ్చు అనుకుని గబుక్కున అన్నాను.

"అది పనికిరాదు చిన్నాన్నా. అది ఆరేసిన సేపలన్నీ తినేస్తాది. మేం సూసినాం. అందుకే దీన్ని ఉంచుకున్నాం."

అది అబద్ధం కూడా కాదు. చిన్నాన్న మొహంలో కూడా ఊరట కనిపించింది. ఆడవాళ్ల బేరంలో ఏదో కారణం ఉంది, పట్టుదల కాదు అనుకుంటే ఆయనకీ గౌరవమే. అక్కడితో వదిన తల ఊపి ఉంటే, పొద్దెక్కాక తిప్పుకో అని ఏదో ఒక ఒప్పందం కుదిరేది.

"శైలా, నువ్వుండు," అంది వదిన. "అది సేపలు తింటాదనీసి కాదు మావా. తిన్నా అదిలించుకోగలను. పిల్లకి అదే ఇష్టం, మా అత్తకి అదే ఇష్టం. అందరికీ అదే మంచిది. నాను దీన్ని ఏల ఎంచుకున్నానంటే, దీన్ని తెల్లారగట్ల బయటికి తీసుకెల్లాల. అందుకే ఎంచుకున్నాను."

వదినే మళ్లీ అంది.

"సూరయ్య ఉన్నప్పుడు నువ్వే కదా మావా మనిసిని పంపీవోడివి, కోడలు ఎదురొస్తే సేప పడతాది, ఓసారి బయటికి రమ్మనండి అనీసి? కడుపుతో ఉన్నప్పుడు కూడా లేపీవోడివి. అప్పుడూ ఈ మొహమే. ఆయనకి గుజరాత్‌లో జొరం వస్తే ఇక్కడ నా మొహం ఎలగ మారిపోనాది? అద్దంలో నాను రోజూ సూసుకుంటన్నాను. మారనేదు."

"మడుసుల నమ్మకం కోడలా అది. ప్రాణాలతో పని," అన్నాడు చిన్నాన్న.

"ప్రాణాలతో పనైతే ఆ లైఫ్ జాకెట్లు ఇంట్లో అటకెక్కించి ఏల ఎల్తన్నారు?"

నాలుగు గొంతుకలు ఒక్కసారి లేచాయి. చిన్నాన్న చెయ్యెత్తి ఆపి, తీర్పు చెప్పేశాడు. లక్ష్మణమ్మ ఆ వేళ ఇంట్లో ఉంటానని ఒప్పుకునేదాకా మా ఊరి ఒడ్డున ఏ తెప్పా ఆవిడకి చేప అమ్మకూడదు. వదిన లేచి చీర దులుపుకుంది. "అమ్మకండి," అంది.

తెల్లారి మళ్లీ కుక్కతో వెళ్లింది. వచ్చాక స్నానం చేసి, గంపలు తీసుకుని, ఆటోలో పక్క ఊరి ఒడ్డుకి చేపకి పోయింది. అక్కడ అందరికంటే చివర నిలబడాలి, అందరూ ఏరుకున్నాక మిగిలింది కొనాలి. కవళ్లో, గుడ్డి చావడాలో, దొరికిన చిల్లర చేప తెచ్చేది. నేను మిషన్ పని వాయిదా వేసి తోడు వెళ్లేదాన్ని. ఊళ్లో ఆడవాళ్లు దారిలో కనపడితే మాట్లాడరు, కానీ సందు మలుపు తిరగ్గానే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని, ఈరోజు ఎంతదాకా పరిగెట్టినావే అని అడిగేవారు.

ఆ రోజుల్లోనే ఒక వేకువన మేము బయల్దేరుతుంటే పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నెత్తిన కొంగు కప్పుకుంది. చేతిలో పందుల్ని అదిలించే కర్ర.

"ఏటత్తా? లోపలికెల్లు, మంచు పడుతున్నాది," అంది వదిన.

"ఇంజన్ల సప్పుడు ఇంటన్నాను గాని, అవెలగ దిగుతాయో సూడనేదే. నాను సూసినప్పుడు తెడ్లే. ఒక్కసారి సూత్తాను."

మేమిద్దరం చెరోపక్కా పట్టుకుని తీసుకెళ్లాం. ఆవిడ ఇసకలో కూర్చుంది. ఒక తెప్ప అల మీదకి ముక్కెత్తి, ఇంజను అరుస్తూ, అవతలికి దూకింది. పెద్దమ్మ నోరు తెరుచుకుని చూసింది. "ఓలమ్మ, ఎంత బేగి ఎల్లిపోనాదే," అంది. చివరి తెప్ప దాటేదాకా అటునుంచి కళ్లు తిప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు, "నన్నెవులూ కట్టీయనేదే. నానే కూకున్నాను," అంది. ఆ మాటకి నాకు ఆవిడ మీద జాలి కాదు, అందరి మీదా ఒళ్లు మండే కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

ఆ పై రోజు నుంచి ఒడ్డున ఇద్దరు విధవలు. ఒకరు పరుగెత్తేవారు, ఒకరు కూర్చునేవారు.

ఇదిలా ఉండగా ధనరాజ్ సంగతి జరిగింది. ధనరాజ్ కుర్రవాడు, కొత్తగా సొంత తెప్ప వేసుకున్నాడు. ఒకరోజు బుల్లెట్ తాడు తెంపుకున్నంత పని చేసి నేరుగా వాడి తెప్ప ముందుకే దూకింది. వెనక వదిన. వాడు చూశాడు, వాడి మనుషులూ చూశారు. కానీ అప్పటికే తెప్ప సగం నీళ్లలో ఉంది, కింద అల గుంజుతోంది, వెనక్కి లాగడం వాళ్ల తరం కాలేదు. దేవుడి మీద భారం వేసి వెళ్లిపోయారు. దీన్ని ధైర్యం అని మగవాళ్లు చెప్తే మీరు నమ్మకండి అని మొదటే చెప్పాను.

మధ్యాహ్నానికి ధనరాజ్ తెప్ప అంచులదాకా కానాగంతలతో వచ్చింది. చాలా కాలంగా మా ఒడ్డు అంత చేప చూడలేదు. పిల్లలు కేకలేసుకుంటూ పరుగెత్తారు. ధనరాజ్ అందరి ఎదుటా ఒక గంప నింపి, వదిన ఇంటిముందు దించి, "వదినా, రేపు కూడా వస్తావా?" అని అడిగాడు. అలా తీర్పు తనంతట తానే చచ్చిపోయింది. ఎవరూ ఎత్తెయ్యలేదు. ఎవరూ తప్పయిందని అనలేదు. సాయంత్రానికి చిన్నాన్న భార్యే వచ్చి, మా కవళ్లు తీసుకోవే అని వదినని పిలిచింది.

మర్నాటి సాయంత్రం చిన్నాన్న స్వయంగా వచ్చాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, ఆ సామెత చెప్పులు విడిచి మా వదిన అరుగెక్కినట్టు ఉంది. నేను లోపలికి పోకుండా అక్కడే నిలబడ్డాను. ఆయన బుల్లెట్ తల కూడా నిమిరాడు.

"కోడలా, అయిందేదో అయిపోనాది. రేపు మా తెప్ప ముందు దిగుతాది. నువ్వు కాస్త మా వైపు ఎదురు రా. ఆ కుర్రోడికే కాదు, ఊరందరికీ మంచి జరగాల కదా."

నా గుండె ఉప్పొంగిపోయింది. ఊరిపెద్ద వచ్చి, తల దించి, అడుగుతున్నాడు. ఇంకేం కావాలి? ఒప్పుకో వదినా, గెలిచావు అని కళ్లతోనే చెప్పాను. పెద్దమ్మ కూడా చేతులు జోడించబోయింది.

"రాను మావా," అంది వదిన.

"అదేటి? ఎలాగూ ఆ యేల బయటికి వస్తన్నావు కదా?"

"వస్తాను. కుక్క కోసం వస్తాను. మీ తెప్ప దిగినా వస్తాను, దిగకపోయినా వస్తాను. మీకు సేప పడాలనీసి రాను, పడకూడదనీసి రాను. రేపు మీ వల నిండితే మంచి మొహం అంటారు. ఎల్లుండి నిండకపోతే మళ్లీ తలుపేసుకోమంటారు. మంచిదైనా సెడ్డదైనా మీకు నా మొహమే కావాల. నాను మడిసిని."

"కోపం ఎట్టుకోకు కోడలా."

"కోపమే మావా. ఎట్టుకోకేటి? మూడేళ్లు మంచం మీద కూకుని ఇంజన్ల సప్పుడు ఇన్నాను. మా అత్త బతుకంతా ఇన్నాది. ఆ కోపం మీ కానాగంతలకి పోదు."

చిన్నాన్న చెప్పులు తొడుక్కుని వెళ్లాడు. నేను వదిన మీద విరుచుకుపడ్డాను. చేతికందిన గౌరవాన్ని కాలితో తన్నావు అన్నాను. వదిన కుక్కకి గంజి పోస్తూ, "నీకూ తెల్దేటే శైలా," అంది. అప్పుడు తెలియలేదు. మర్నాడు తెలిసింది.

మర్నాడు వేకువన మేం ముగ్గురం బయటికి వచ్చేసరికి ఒడ్డున తెప్పలన్నీ బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. చిన్నాన్న, ధనరాజ్, వాళ్ల మనుషులంతా తెప్పలకి చేతులానించి మా వైపే చూస్తున్నారు. తూర్పున చీకటి విడుతోంది, అల అనువుగా ఉంది, అయినా నిలబడే ఉన్నారు. మూడేళ్లు ఏ మొహం కనపడకూడదన్నారో ఆ మొహం కోసం అంతమంది మగవాళ్లు నిలబడ్డారు. చూస్తుంటే నాకు గర్వం రాలేదు, ఒళ్లు జలదరించింది.

వదిన వాళ్ల వైపు ఒకసారి చూసింది. బుల్లెట్ ఆ రోజు ఎందుకో దక్షిణం వైపు, తెప్పలు లేని వైపు లాగింది. వదిన తాడు వదిలింది. కుక్క దూసుకుపోయింది. వదిన చీర ఎగ్గట్టి దాని వెనక పరుగెత్తింది. ఇప్పుడు పడటం లేదు, ఇసక మీద కాళ్లు కుదిరాయి.

"కోడలా, ఇటు," అని చిన్నాన్న కేకేశాడు.

ఆవిడ వినపడనంత దూరం అప్పటికే వెళ్లిపోయింది. వాళ్లు కాసేపు చూశారు. పొద్దు పొడిచే వేళయ్యాక, ఇక తప్పదని, ఎవరి ఎదురూ లేకుండానే తెప్పలు దింపుకున్నారు. మధ్యాహ్నం ఎవరికి ఎంత చేప పడిందో మా రెండిళ్లలో ఎవరూ అడగలేదు.